మా ఇంటి కామెంట్రీ

మొన్న ఆదివారం ఏలూరు నుంచి పాసింజరులో తాడేపల్లిగూడెం వస్తుంటే పూళ్ళ దగ్గర బండి ఆగింది. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ దాటాలట. కిటికీలోంచి చూస్తే కోత కోసిన చేలో పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. ఒకడు కూతకి వెళ్ళాడు. అవతలివాళ్ళందరూ వాడి మీద పడ్డారు. వాడు ఆ కుప్ప కిందనుంచే పాక్కుంటూ, చెయ్యి చాచి, వేళ్ళతో గీత అందుకున్నాడు. చేలో కేరింతలు. మా పెట్టెలో మాత్రం ఎవరికీ ఏమీ పట్టలేదు. ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. ఒకావిడ జామకాయ ముక్కలు కోసి పక్కవాళ్ళకి పంచుతోంది. అంత మంచి ఆట అలా ఎవరికీ తెలియకుండా అయిపోవడం నాకు అన్యాయం అనిపించింది. మా మేనకోడలు ఆ పెట్టెలో ఉంటే, ఈపాటికి ఆ పేపరాయన పేపరు మడిచి కిటికీ ఊచలు పట్టుకుని ఉండేవాడు. జామకాయలావిడ ఎవరు గెలిచారని కొట్లాడుతూ ఉండేది.

అది మా అన్నయ్య కూతురు. ఇంటర్మీడియట్ నుంచి నా దగ్గరే ఉండి చదువుకుంది. నేను తాడేపల్లిగూడెంలో హైస్కూల్లో తెలుగు చెప్తాను. పాఠాలు చెప్పీ చెప్పీ సాయంత్రానికి నా గొంతు మూలపడేది. దాని గొంతు సరిగ్గా అప్పుడే లేచేది. అది మాట్లాడడం తక్కువ, కామెంట్రీ చెప్పడం ఎక్కువ. వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేది. కుడిచేతి పిడికిలి నోటి దగ్గర, అది మైకు. ఎడమ అరచెయ్యి చెవి మీద. ఒక కాలు నేల మీద, రెండో పాదం ఆ కాలి పిక్క మీద. కొల్లేట్లో కొంగలా నిలబడి మొదలుపెట్టేది.

“ప్రేక్షకులారా, టీచరుగారు పెనం మీద నీళ్ళు చిలకరించారు. పెనం చుయ్యిమని సమాధానం చెప్పింది. మొదటి దోసె పడింది. తిప్పబోతున్నారు... అయ్యయ్యో, అంటుకుపోయింది! అయినా టీచరుగారు ఏమాత్రం అధైర్యపడలేదు. అట్లకాడ మార్చారు. అనుభవం అండీ, అనుభవం!”

“ముందు పళ్ళెం పట్రావే” అనేదాన్ని.

“రిఫరీ హెచ్చరిక! బరిలోకి పళ్ళెం వస్తోంది.”

గోడ అవతల పక్కింటావిడ వాళ్ళ పొయ్యి దగ్గర నుంచే కేకేసేది. “రెండోది బాగా వచ్చిందా అండీ?”

గుసగుసగా మాట్లాడడం దానికి చేతనయ్యేది కాదు. రహస్యం చెబుతానని నా చెవి దగ్గరికి వచ్చి చెప్పినా, ఆ రహస్యం రైలుగేటు దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా తెలిసిపోయేది. ఓ శనివారం ద్వారకా తిరుమల తీసుకెళ్ళాను. క్యూ కదలడం లేదు. చంటిపిల్లలు ఏడుస్తున్నారు, పెద్దవాళ్ళు ఒకరినొకరు విసుక్కుంటున్నారు. దీని పిడికిలి మెల్లిగా నోటి దగ్గరికి పోవడం చూశాను.

“ఇది గుడి. కాసేపు నోరు మూసుకో” అన్నాను.

“స్వామి లోపల కూచుని ఉన్నాడు కదత్తా. ఇక్కడేం జరుగుతోందో ఆయనకి ఎవరు చెప్తారు?” అని మొదలుపెట్టనే పెట్టింది. “ఎడమ వరసలో కదలిక! నీలం చీర పిన్నిగారు ఒక్క అడుగు ముందుకేశారు. ఆ ఖాళీని గుండు చేయించుకున్న బాబాయిగారు క్షణంలో పూరించారు. కుడి వరస దీన్ని జీర్ణించుకోలేకపోతోంది...”

నీలం చీర ఆవిడ వెనక్కి తిరిగింది. తిడుతుందేమోనని నేను భయపడుతుంటే పకపకా నవ్వింది. గుండు బాబాయి కూడా నవ్వాడు. లోపలికి వెళ్ళేసరికి రెండు వరసలవాళ్ళూ ఒకే పెళ్ళికి వచ్చినవాళ్ళలా కబుర్లలో పడ్డారు. హారతి పళ్ళెం పట్టుకున్న అర్చకుడుగారు దాని ముఖంలోకి చూసి, “ఇందాకటి నుంచీ వినపడుతున్న గొంతు నీదేనా అమ్మా?” అన్నారు.

“అవునండి. స్వామికి వినపడిందంటారా?”

“నాకే వినపడింది, ఆయనకి వినపడదా!”

ఆ గొంతు దానికి ఎలా వచ్చిందో నాకు తెలుసు. గుండుగొలను దాటి లోపలికి వెళ్తే వచ్చే మా ఊళ్ళో, కొల్లేటి అంచున, అన్నయ్య చేపల చెరువు చేసేవాడు. సెలవులకి నేను వెళ్ళినప్పుడల్లా చూసింది ఒకటే దృశ్యం. గట్టు మీద కాపలా పాక. పాకలో రేడియో. అన్నయ్య చెరువు ఆ చివర పడవలో నిలబడి మేత వేస్తూ ఉండేవాడు. ఇది పాక ముందు నిలబడి, రేడియోలో వస్తున్న క్రికెట్టంతా నీళ్ళ మీదుగా ఆయనకి అరిచి చెప్పేది. రేడియో ఇంగ్లీషులోకి మారితే తెలిసినంత చెప్పి మిగతాది తనే కల్పించేది.

“ఫోరు కొట్టాడు నాన్నా! బంతి వెళ్ళి మురుక్కాలవలో పడింది! ఎవరో ముసలాయన తీసిచ్చాడు!”

అన్నయ్యకి మాటలు తక్కువ. వినపడిందన్నట్టు దూరం నుంచే చెయ్యి ఎత్తేవాడు.

“స్టేడియంలో మురుక్కాలవ ఎక్కడిదే?” అన్నాను ఓసారి.

“చూడనివాళ్ళకి అన్నీ చెప్పాలత్తా. లేకపోతే వాళ్ళకి ఎలా కనపడుద్ది?” అంది.

అది స్వయంగా ఏ ఆటా ఆడలేదు. ఆడలేదంటే, ఆడనివ్వకపోవడం కాదు. స్కూల్లో కబడ్డీకి పేరిచ్చింది. కూతకి వెళ్ళి, అవతలివాళ్ళ ముఖాలు చూడగానే నవ్వొచ్చి కూత తెగిపోయేది. “నవ్వాపుకోలేక ఔటైన ఏకైక క్రీడాకారిణి నేనే” అని గొప్పగా చెప్పుకునేది.

మా ఊళ్ళో ఏటా మగపిల్లల కబడ్డీ పోటీలు పెట్టేవారు. అది ఇంటర్ మొదటి ఏడు పూర్తిచేసిన వేసవిలో, కామెంట్రీ చెప్పాల్సిన ఆయన రాలేదు. మైకు మాత్రం వచ్చింది. ఆ మైక్ సెట్ మస్తాన్ గారిది. తాడేపల్లిగూడెంలో ఆయన షాపు. పెళ్ళయినా, ఉరుసయినా, గుడి ఉత్సవమయినా మా చుట్టుపక్కల ఆయన హారన్లే మోగాలి. ఆట మొదలైంది. గుంపులో వెనకున్నవాళ్ళకి ఏమీ కనపడటం లేదు, చెప్పేవాళ్ళు లేరు. ఇది నా పక్కనుంచి ఎప్పుడు లేచిందో చూడలేదు. చూసేసరికి మస్తాన్ గారి బల్ల దగ్గర ఉంది.

“మస్తాన్ గారూ, ఒక్క కూత చెప్పనిస్తారా అండీ?”

“ఏం చెప్తావమ్మా?”

“ఎదురుగా జరుగుతున్నదేనండి.”

ఆయన దాన్ని ఓసారి, ఖాళీ కుర్చీని ఓసారి చూసి మైకు చేతికిచ్చారు. కమిటీలో ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. “ఏంటండీ మస్తాన్ గారూ, ఆడపిల్ల చేతికిచ్చారు? ఊళ్ళో మగాళ్ళు లేరా?”

“ఉన్నారండి. ఈ అమ్మాయి అడిగిందండి. వాళ్ళెవరూ అడగలేదు” అన్నారు మస్తాన్ గారు.

ఈలోగా అది మొదలుపెట్టేసింది. ఎవరి చొక్కా ఏ రంగో, ఎవరు కుంటుతున్నారో, ఎవరి తల్లి గట్టు మీద నిలబడి కొంగు నోట్లో కుక్కుకుందో అన్నీ చెప్పింది. గుంపులో వెనకవాళ్ళు తోసుకోవడం మానేసి నిలబడి వినడం మొదలుపెట్టారు. ఆట మధ్యలో కరెంటు పోయి హారన్లు మూగబోయాయి. అది కుర్చీ ఎక్కింది. మైకు మస్తాన్ గారి చేతికిచ్చేసి, పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని ఆగకుండా చెప్పుకుపోయింది. చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చెప్పిన గొంతు అది. ఆ రోజు కరెంటు లేని లోటు ఎవరికీ తెలియలేదు. ఇందాక అభ్యంతరం చెప్పిన కమిటీ ఆయనే గోలీసోడా కొట్టించి తెచ్చాడు. “తాగమ్మా. గొంతు పోద్ది” అన్నాడు.

ఆ ఆటలో ఒక బక్క కుర్రాడు వెళ్ళిన ప్రతిసారీ పట్టుబడిపోతున్నాడు. నా పక్కవాళ్ళు పాపం, పాపం అంటున్నారు. మైకులో మాత్రం, “మళ్ళీ వచ్చాడండీ! ఈ అబ్బాయి ఒక్కడే ఈ రోజు అవతలి జట్టులో అందరికీ పని చెప్పాడు” అని వినపడింది. గుంపు చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక ఆ సంగతి అడిగితే దాని ముఖం సీరియస్ అయింది.

“పాపం అంటే ఆట అయిపోయినట్టే అత్తా. ఆడుతున్నవాణ్ణి అలా అనకూడదు.”

అప్పటి నుంచి దాని పేరు కామెంట్రీ అమ్మాయి. చుట్టుపక్కల ఎక్కడ ఆటలున్నా మస్తాన్ గారు కబురు చేసేవారు. అన్నయ్య మోపెడ్ మీద తీసుకెళ్ళి, ఆట అయ్యేదాకా చెట్టు కింద నిలబడి విని, తీసుకొచ్చేవాడు. ఎలా చెప్పిందని అడిగితే, “వినపడిందిలే” అనేవాడు.

కొల్లేట్లో చేపల చెరువులు ఉండకూడదని ప్రభుత్వం గట్లు తెగ్గొట్టిన ఏడాది అన్నయ్య చెరువూ పోయింది. ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోకముందే పిల్లకి జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. కాళ్ళ మీద దెబ్బ తగలకుండానే నల్లటి మచ్చలు. పళ్ళు తోముకుంటే రక్తం. ఏలూరులో డాక్టరుగారు రక్తపరీక్ష కాగితం చూసి మమ్మల్ని కూచోమన్నారు. ఆయన కూచోమన్న తీరులోనే నాకు సగం అర్థమైంది. బ్లడ్ క్యాన్సర్. అన్నయ్యా వదినా హైదరాబాదు తీసుకెళ్ళారు.

నేను సెలవు పెట్టి వెళ్ళిన మొదటిరోజు ఆసుపత్రి వార్డు గుమ్మంలోకి అడుగుపెడుతూనే దాని గొంతు విన్నాను. వరసగా మంచాలు, మంచానికో సెలైన్ సీసా.

“ఒకటో మంచం బాబాయిగారి సీసా సగం దాటింది. మూడో మంచం అక్కగారిది వెనకబడింది. కానీ ఆ చుక్కల వేగం చూడండి! కిటికీ పక్క తాతగారు నిదానమే ప్రధానం అన్నట్టు వస్తున్నారు...”

నర్సు వచ్చి, “ఏయ్ అమ్మాయ్, ఇది ఆసుపత్రి” అని గద్దించింది. ఆవిడ సీసాలన్నీ సరిచూసుకుని, వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, “తాతగారే గెలుస్తారు చూడండి” అని వెళ్ళింది.

చూడటానికి వచ్చిన బంధువు ఒకాయన మంచం పక్కన నిలబడి, “పాపం, బంగారంలాంటి పిల్ల” అని కళ్ళు ఒత్తుకున్నాడు. అది దిండు మీద నుంచి లేచి కూచుంది. “ఆట నడుస్తోందండి బాబాయ్‌గారూ. మీరేంటి మధ్యలో వచ్చి స్కోరు చెప్పేస్తున్నారు?” అంది. ఆయన తెల్లబోయి, తర్వాత నవ్వి, ఆ సాయంత్రందాకా అక్కడే కూచుని దాంతో కబుర్లు చెప్పి వెళ్ళాడు.

కొన్నాళ్ళకి మందుల వేడికి దాని నోరంతా పూసింది. మాట పెగల్లేదు. ఆ రోజు మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. అది కిటికీ వైపు చూపించి, నా వైపు చూపించింది. బయట ఏముందో చెప్పమంటోందని అర్థమైంది.

“రోడ్డు ఉంది. బస్సు వెళ్తోంది. అరటిపళ్ళ బండాయన ఉన్నాడు” అన్నాను.

తల అడ్డంగా ఊపింది. పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని చూపించింది. అలా కాదు, సరిగా చెప్పమని.

నేను లేచి నిలబడ్డాను. ముప్ఫై మంది పిల్లల ముందు పద్యం చదవడానికి ఏనాడూ తడబడనిదాన్ని, ఒక్క పిల్ల ముందు మొదటి మాట కోసం వెతుక్కున్నాను. పిడికిలి నోటి దగ్గర పెట్టుకున్నాను.

“ప్రేక్షకులారా, అరటిపళ్ళ బండి ఎత్తు ఎక్కుతోంది. బండాయన రెండు చేతులూ పెట్టి నెడుతున్నారు. వెనక నుంచి ఆటో ఒకటి హారన్ కొడుతోంది. బండాయన పట్టించుకోలేదు. ఆటోవాడు దిగాడు... కొట్లాటకేమో అనుకున్నాం ప్రేక్షకులారా, కాదు! ఆటోవాడు కూడా వెనకనుంచి బండి నెడుతున్నాడు! ఎక్కింది! బండి ఎక్కింది! ఆటోవాడు ఒక అరటిపండు వలుచుకుంటున్నాడు...”

అది కళ్ళు మూసుకుని విన్నది. బండి ఎత్తు ఎక్కిన చోట, వాళ్ళ నాన్న పడవలోంచి ఎత్తినట్టే, దుప్పట్లోంచి చెయ్యి తీసి పైకెత్తింది. నాకు ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరిచ్చిన మెచ్చుకోలూ దానికి సాటి రాదు.

ఆ వానాకాలం చివర అది వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళు నిండలేదు.

దాని పేరు నిలిచేలా ఏదైనా చేయాలని ఊళ్ళో పెద్దవాళ్ళు, చుట్టాలు అన్నయ్య ఇంటి అరుగు మీద చేరారు. బస్ షెల్టరు కట్టిద్దామన్నారు. నల్లరాతి పలక మీద దాని ఫోటో చెక్కిద్దామన్నారు. అన్నయ్య తల వంచుకుని విన్నాడు. మా వదిన గుమ్మంలో నిలబడి ఉంది. మా వదిన గొంతు ఎంత మెత్తనిదంటే, పక్కగదిలో ఉన్న అన్నయ్యని కూడా అక్కణ్ణుంచి పిలిచేది కాదు. ఆయన దాకా నడిచి వెళ్ళి, ఎదురుగా నిలబడి, “ఏవండీ” అనేది. ఆ మనిషి అంతమందిలో నోరు తెరిచింది.

“వద్దండి.”

అందరూ తలెత్తారు.

“అది ఎక్కడా నోరు మూసుకుని కూచోలేదండి. ఇప్పుడు రాతి మీద కూచోబెట్టి, వచ్చేపోయే బస్సులు చూసుకోమంటారా?”

“మరేం చేద్దామంటావమ్మా?”

“ఆట పెడదామండి. కబడ్డీ. ఆడవాళ్ళకి.”

ఆడవాళ్ళు ఎవరొస్తారండీ అన్నారొకరు. వచ్చినా బాగుంటుందా అన్నారింకొకరు. “మగపిల్లల ఆట ఏటా చూస్తున్నామండి. ఈ ఊరి పోటీల్లో ఒక ఆడపిల్ల కూతకెళ్ళడం ఎవరూ చూళ్ళేదు. చూడాలండి” అంది వదిన.

అప్పుడు అన్నయ్య నోరు విప్పాడు. “మన చెరువులో పెడదాం” అన్నాడు.

గట్టు తెగ్గొట్టిన తర్వాత ఆయన ఆ వైపు వెళ్ళలేదు. వేసవికి కొల్లేరు వెనక్కి తగ్గి, ఆ చెరువు నేల ఎండి, నల్లటి ఒండ్రు మట్టి బయటపడింది. పడితే దెబ్బ తగలని మెత్తటి నేల. మిగిలిన గట్టు ముక్కలు చుట్టూ జనం కూచోవడానికి సరిపోతాయి. అన్నయ్యే వెళ్ళి నేల చదును చేయించి, సున్నంతో గీతలు గీయించాడు.

వదిన మస్తాన్ గారి వ్యానులో కూచుని జట్ల కోసం తిరిగింది. నేనూ వెంట వెళ్ళాను. కాలేజీల్లో ఆటల మాస్టర్ల ముందు చేతులు కట్టుకుని, “మా అమ్మాయి పేరు మీద పెడుతున్నామండి. మీ పిల్లల్ని పంపిస్తారాండీ” అని అడిగింది. ఏలూరు వాళ్ళు వస్తామన్నారు. తణుకు వాళ్ళు వస్తామన్నారు. గూడెంలో మా స్కూలు పాత విద్యార్థినులు జట్టు కట్టారు. మా ఊరి ఆడపిల్లలు, ఇళ్ళలో పోట్లాడి మరీ, ఒక జట్టయ్యారు. కొల్లేటికోట వెళ్ళినప్పుడు అక్కడ చేపల పట్టుబడికి వల లాగే ఆడవాళ్ళని అడిగితే, “మేమా అండీ? కబడ్డీయా?” అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. వాళ్ళు రారనే అనుకున్నాం.

పోటీల రోజు సాయంత్రం ఎండ వాలుతుండగా కొల్లేటికోట నుంచి ట్రాక్టరు తొట్టి వచ్చి ఆగింది. అందులోంచి పెళ్ళయి పిల్లలున్న ఆడవాళ్ళు, చీరలు గోచీ బిగించి, మీద మొగుళ్ళ చొక్కాలు తొడుక్కుని దిగారు. యూనిఫాం లేదా అని రిఫరీ అడిగాడు. వాళ్ళ కెప్టెన్ నాగమణి నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఇదేనండి మా యూనిఫాం. పనికి రోజూ ఇదే వేసుకుంటాం.”

ఆటలు మొదలయ్యాయి గానీ ఆట మొదలవలేదు. కామెంట్రీకి పిలిపించిన ఆయన మంచివాడే. కానీ మైకు పట్టుకున్న దగ్గర్నుంచీ శోకతప్త హృదయాలతో, అశ్రునయనాలతో అంటూ, కూత కూతకీ అకాలమరణం గుర్తుచేస్తున్నాడు. ఆ గొంతు వింటూ ఆడపిల్లలు గట్టిగా కూత పెట్టడానికి కూడా మొహమాటపడ్డారు. గట్టు మీద జనం చేతులు కట్టుకుని కూచున్నారు. ఎవరూ అరవలేదు. మస్తాన్ గారు లోపమేదో తన యాంప్లిఫయరులో ఉన్నట్టు దాని మీటలు తిప్పుతూ ఉండిపోయారు. దాని పేరు మీద పెట్టిన ఆట మా కళ్ళముందే సంతాపసభ అయిపోతోంది.

వదిన ముందు వరస కుర్చీలోంచి లేచింది. బల్ల దాకా నడిచి వెళ్ళింది.

“ఏవండీ, ఆ మైకు ఓసారి ఇప్పిస్తారాండీ?”

నాలుగు మాటలు మాట్లాడుతుందేమో అనుకుని ఆయన గౌరవంగా లేచి ఇచ్చాడు. ముందు ఆమె ఊపిరి హారన్లలోంచి చెరువంతా వినిపించింది. తర్వాత మాట వచ్చింది.

“అందరికీ నమస్కారం అండి. ఎవరూ ఏడవకండి. ఆట చూడండి. ఇదిగో, ఎర్రచొక్కా అమ్మాయి వెళ్తోందండి. వెళ్ళింది. అటు... అటు కాదమ్మా, నీ వెనకాల ఉంది చూసుకో! అయ్యో, పట్టేసుకున్నారండీ! గట్టిగా పట్టుకోండమ్మా! వదిలేయండి పాపం, ఊపిరాడట్లేదు దానికి!”

గట్టు మీద ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు గట్టు పొడుగునా పాకింది.

వదినకి కబడ్డీ రూలు ఒక్కటీ తెలియదు. పాయింటు వస్తే “ఏదో ఒకటొచ్చిందండి వాళ్ళకి” అనేది. ఒక జట్టు అని లేదు, ఎవరు పడిపోతే వాళ్ళ వైపు. “రిఫరీగారూ, ఆ పిల్ల మోకాలు దోక్కుపోయింది, చూడండి బాబూ. మీకూ ఆడపిల్లలున్నారు.” కూతురు వద్దన్న పాపం అనే మాటని తల్లి ప్రతి కూతకీ వాడింది. ఆ నోట అది జాలిగా వినపడలేదు, ఉసిగొల్పినట్టు వినపడింది. “పాపం ఒక్కత్తే వెళ్ళిందండీ! వెళ్ళమ్మా, ఇంకా లోపలికి వెళ్ళు!” మైకు పోగొట్టుకున్న కామెంట్రీ ఆయన ఏమీ అనుకోకుండా ఆమె పక్కనే కూచుని స్కోరు చెవిలో చెప్పసాగాడు. ఆమె దాన్ని తనకి తోచినట్టు చెప్పింది. జనం లేచి నిలబడ్డారు. ఆడపిల్లల కూతలు చెరువు దాటి వినపడ్డాయి.

కొల్లేటికోట ఆడవాళ్ళకి కూతకెళ్ళడం అంతగా రాదు. కానీ వాళ్ళ చేతికి చిక్కితే బయటపడ్డవాళ్ళు లేరు. బరువు వలలు లాగిన చేతులవి. తణుకు జట్టు బూట్లు, జెర్సీలతో వచ్చి వాళ్ళ చేతుల్లో ఇరుక్కుపోయింది. ఫైనల్లో ఏలూరు వాళ్ళతో పడ్డారు. ఏలూరు జట్టులో నస్రీన్ అని, టైలరుగారి అమ్మాయి, పొట్టిగా బొంగరంలా ఉంటుంది. ఆఖరి కూతకి వెళ్ళి, నాగమణి చేతి కింద నుంచి జారి వచ్చి గీత మీద పడింది. ఒక్క పాయింటు తేడాతో ఏలూరు గెలిచింది. అప్పటికి వదిన గొంతు పూర్తిగా పోయింది. మైకు పట్టుకుని చేతులు ఊపుతోంది. గట్టు మీద జనమే కామెంట్రీ చెప్పుకుంటున్నారు.

బహుమతులిద్దామంటే కొల్లేటికోట వాళ్ళు బరి వదల్లేదు. నాగమణి వచ్చి బల్ల ముందు నిలబడింది.

“ఓడిపోయామండి. ఒప్పుకున్నాం. కానీ ఆ మైకులో మా పేర్లు చెప్పుకోవాలండి మేం.”

వదిన మైకు ఆమె చేతిలో పెట్టింది.

“నేను నాగమణి. కొల్లేటికోట” అంది. తన గొంతు అంత పెద్దగా వినపడేసరికి తుళ్ళిపడి, మళ్ళీ నవ్వి, ఇంకోసారి చెప్పింది. తర్వాతి మనిషి, “నేను వెంకాయమ్మ. ఈ చొక్కా మా ఆయనది. ఆట నాది” అంది. చప్పట్లతో గట్టు అదిరింది. ఒకావిడ సిగ్గుతో పేరు మింగేస్తే తక్కినవాళ్ళు వీపు మీద చరిచి గట్టిగా చెప్పించారు. నస్రీన్ వచ్చి, “నస్రీన్, ఏలూరు” అని చెప్పి కప్పు పైకెత్తింది. మా ఊరి పిల్లలు వచ్చారు. గూడెం పిల్లలు వచ్చారు. ఆట ఆడని ఒక ముసలామె కర్ర ఊతంగా వరసలో నిలబడి, “నేనాడలేదు గానీ, నా పేరు సూరమ్మండి” అని చెప్పి వెళ్ళింది.

వరస అయిపోయాక మైకు మళ్ళీ వదిన దగ్గరికి వచ్చింది. ఆమె నోరు తెరిచింది. కూతురి పేరు చెప్పబోతోందని అందరికీ తెలిసింది. గాలి తప్ప మాట రాలేదు. రెండోసారి ప్రయత్నించింది. రాలేదు.

గట్టు మీద నుంచి ఒక మగగొంతు ఆ పేరు గట్టిగా పలికింది. తిరిగి చూస్తే మా అన్నయ్య. అది పోయాక ఆ పేరు ఆయన నోట నేను వినడం అదే మొదలు. వెంటనే నాగమణి అంది. నస్రీన్ అంది. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా జనమంతా ఆ పేరు అన్నారు.

మస్తాన్ గారు యాంప్లిఫయరు మీదకి వంగి, ముఖం కనపడకుండా తువ్వాలు అడ్డం పెట్టుకుని, చెయ్యి మాత్రం పైకెత్తారు.

“హారన్లో సరిగ్గా పడలేదండీ” అన్నారు. “ఇంకోసారి అనండి.”

ఈసారి ఇంకా గట్టిగా అన్నాం.